‘హెయిర్‌స్ప్రే’లో చూపించిన ‘నీగ్రో డే’ నిజంగా ఉండేదా?

మీ అమ్మాయి స్కూల్లో ‘హెయిర్‌స్ప్రే’ మ్యూజికల్ వేస్తున్నారని, స్క్రిప్టు చదివితే సగం జోకులు తలకెక్కలేదని, మధ్యలో ‘నీగ్రో డే’ అన్న మాట చూసి ఇదేం నాటకం అని కంగారుపడ్డానని రాశారు. ఇదంతా నిజంగా జరిగిందా, కల్పనా అని మీ ప్రశ్న. జరిగిందండీ. చివరి సీనులో చూపించినట్టు ముగియడం ఒక్కటే జరగలేదు.

నేను బాల్టిమోర్ శివార్లలో 18 ఏళ్లుగా ఉంటున్నాను. రెండేళ్ల కిందట మా పెద్దమ్మాయి స్కూల్లోనూ ఇదే వేశారు. పేరెంట్ వాలంటీర్లు కావాలంటే పేరిచ్చాను. సమోసాలు పట్టుకురమ్మంటారు, అంతేగా అనుకున్నాను. తీసుకెళ్లి విగ్గుల టీములో పడేశారు. ఆరు వారాలు విగ్గులు దువ్వుతూ రిహార్సల్స్ వినేసరికి పాటలన్నీ నోటికొచ్చాయి గానీ వాటి వెనక సంగతి ఒక్క ముక్క తెలియలేదు. షో అయిపోయాక కూర్చుని చదివితే అది నేనుంటున్న ఊరి కథే. ఇన్నేళ్లూ నాకే తెలీదు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1962, బాల్టిమోర్. ట్రేసీ అనే బొద్దుగా ఉండే అమ్మాయికి టీవీలో రోజూ వచ్చే ‘కార్నీ కాలిన్స్ షో’లో డాన్స్ చేయాలని పిచ్చి. ఎలాగో చోటు సంపాదిస్తుంది. తీరా చూస్తే ఆ షోలో రోజూ ఆడేది తెల్ల పిల్లలే. నల్లజాతి పిల్లలకు నెలకోసారి, విడిగా. దాని పేరే నీగ్రో డే. ట్రేసీ అందరినీ కలిపి ఆడించాలని పట్టుబడుతుంది, జైలుకెళ్తుంది, చివర్లో లైవ్ షోలో అందరూ కలిసి ఆడతారు, తెర పడుతుంది.

ఈ కార్నీ కాలిన్స్ షోకి మూలం ‘బడ్డీ డీన్ షో’. బాల్టిమోర్‌లో డబ్ల్యూజేజెడ్, అంటే 13వ ఛానల్‌లో 1957 నుంచి వారానికి ఆరు రోజులు వచ్చేది. అప్పట్లో ఫిలడెల్ఫియా నుంచి ‘అమెరికన్ బ్యాండ్‌స్టాండ్’ దేశమంతా వస్తుంటే, ఈ ఊరి స్టేషన్ మాత్రం దాన్ని వేయకుండా సొంత డాన్స్ షో నడుపుకుంది. రోజూ వచ్చి ఆడే పిల్లల జట్టును ‘కమిటీ’ అనేవారు. నాటకంలో అదే కౌన్సిల్ అయింది. బడి వదలగానే ఇళ్లలో టీవీల ముందు కూర్చునే పిల్లలకు ఆ కమిటీ వాళ్లే సినిమా స్టార్లు. వాళ్లు ఏ కొప్పు పెడితే మర్నాడు ఊళ్లో ఆడపిల్లలందరిదీ అదే కొప్పు. ఆ టీవీల ముందు కూర్చున్న పిల్లల్లో ఒకడు జాన్ వాటర్స్. 1946లో పుట్టాడు, బాల్టిమోర్ వాడే. పెద్దయ్యాక సినిమా దర్శకుడై 1988లో ‘హెయిర్‌స్ప్రే’ తీశాడు. దాన్నే 2002లో బ్రాడ్‌వే మ్యూజికల్ చేశారు. మర్నాటి ఏడు బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు 8 వచ్చాయి. మీ స్కూలు వేసేది ఈ మ్యూజికల్.

బడ్డీ డీన్ షోలోనూ నల్లజాతి పిల్లలకు వేరే రోజులు పెట్టేవారు. ‘నీగ్రో’ అన్న మాట గురించి మీరు కంగారుపడక్కర్లేదు. 1962లో పత్రికలూ ప్రభుత్వమూ మర్యాదగా వాడిన మాట అదే. మార్టిన్ లూథర్ కింగ్ కూడా తన ప్రసంగాల్లో అదే వాడారు. ఇప్పుడు ఎవరినీ అలా పిలవకూడదు. నాటకంలో దాన్ని తీసేస్తే ఆ కాలమే మాయమవుతుంది కాబట్టి ఉంచారు. మా స్కూల్లో డైరెక్టర్ మొదటి రిహార్సల్ రోజే పిల్లలందరినీ స్టేజీ మీద కూర్చోబెట్టి, ఈ మాట స్క్రిప్టులో ఉన్న చోట తప్ప బయట వినపడకూడదని చెప్పేశారు. మీ దగ్గరా చెప్పే ఉంటారు, లేకపోతే అడగండి.

ఇక ఆ చివరి సీను. 1963 ఆగస్టు 12న మోర్గాన్ స్టేట్ కాలేజీ విద్యార్థులు ముందుండి నడిపిన సివిక్ ఇంటరెస్ట్ గ్రూప్ అనే పౌరహక్కుల సంఘం వాళ్లు ఒక పథకం వేశారు. నల్లజాతి పిల్లల కోసం పెట్టిన షోకి టికెట్లు తీసుకున్నారు. షో మొదలయ్యాక కొందరు తెల్ల కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా లోపలికొచ్చి వాళ్లతో కలిసి ఆడటం మొదలుపెట్టారు. షో లైవ్. కెమెరా తిరుగుతూనే ఉంది, ఆ దృశ్యం ఊరంతా చూసింది. ఇక్కడిదాకా నాటకం క్లైమాక్స్ లాగే ఉంది కదా? ఆ తర్వాత స్టేషన్‌కు బెదిరింపులు వచ్చాయి. రోజూ అందరినీ కలిపి ఆడించాలా, ఏం చేయాలా అని కొన్ని నెలలు నలిగి, చివరికి అసలు షోనే ఎత్తేశారు. 1964 జనవరి 4 ఆఖరి రోజు. కలిపి ఆడించడం కంటే ఎవరూ ఆడకపోవడమే నయమనుకున్నారన్నమాట.

(తమాషా ఏమిటంటే బ్రాడ్‌వేలో మ్యూజికల్ ఆఖరి ప్రదర్శన కూడా జనవరి 4నే, 2009లో. కావాలని చేశారో, అలా కలిసొచ్చిందో.)

వాటర్స్ ఆ ముగింపును తిరగరాశాడు. నాకు మొదట ఇది కొంచెం మోసంగా అనిపించింది. చరిత్రలో ఓడిపోయినదాన్ని స్టేజీ మీద గెలిపించి చప్పట్లు కొట్టించుకోవడం ఏమిటని. ఇప్పుడు అంత కోపం లేదు గానీ, పిల్లలకు అసలు ముగింపు చెప్పకుండా ఆ పాట పాడించకూడదన్న మాట మీద మాత్రం ఉన్నాను.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఒకటుంది. మీ అమ్మాయీ అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. నాటకంలో ట్రేసీ, సీవీడ్ అనే నల్లజాతి కుర్రాడు ఒకే బడిలో చదువుతారు, డిటెన్షన్‌లో కలుస్తారు. బడిలో పక్కపక్కన కూర్చోవచ్చు గానీ టీవీలో కలిసి ఆడకూడదా, ఇదెక్కడి లాజిక్ అంది. లాజిక్ ఉంది. 1954 మే నెలలో బ్రౌన్ కేసులో, బడుల్లో తెల్ల, నల్ల పిల్లల్ని వేరు చేయకూడదని సుప్రీంకోర్టు తీర్పు రాగానే బాల్టిమోర్ బడులు ఆ సెప్టెంబరుకే అందరికీ తలుపులు తెరిచాయి. దక్షిణాదితో పోలిస్తే చాలా తొందరగా. కానీ ఆ తీర్పు ప్రభుత్వ బడుల వరకే. హోటళ్లు, సినిమా హాళ్లు, పార్కులు, టీవీ స్టూడియోలు దాని కిందికి రావు. హోటళ్లు, సినిమా హాళ్ల లాంటి వాటికి ఫెడరల్ చట్టం వచ్చింది 1964 జులైలో.

పైగా డాన్స్ అంటే చేయి పట్టుకోవాలి, నడుం పట్టుకోవాలి. అసలు భయం అక్కడుంది. నాటకంలో ట్రేసీ స్నేహితురాలు పెన్నీ, ఈ సీవీడ్ ప్రేమించుకుంటారు, జనం ఈలలు వేస్తారు. 1962లో మేరీల్యాండ్‌లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటే నేరం. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ పెళ్లి కుదరదన్న చట్టం వలసపాలన రోజుల నుంచి ఇక్కడ ఉంది. 1935లో ఫిలిప్పీన్స్ వాళ్లను కూడా అందులో చేర్చారు. 1967లో రాష్ట్రం దాన్ని రద్దు చేసింది, అదే ఏడు జూన్‌లో సుప్రీంకోర్టు లవింగ్ కేసు తీర్పుతో ఇలాంటి చట్టాలు దేశమంతటా పోయాయి. అంటే నాటకం అయిపోయాక పెన్నీ, సీవీడ్ ఇంకో ఐదేళ్లు ఆగాలి. మన ఊళ్లలో కులం కాని పెళ్లికి ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు పెన్నీ వాళ్లమ్మ కూతుర్ని మంచానికి కట్టేసే సీను కామెడీ అనిపించదు. హాల్లో అందరూ నవ్వుతుంటే మా వరుసలో ఇద్దరు ముగ్గురం గమ్మున కూర్చున్నాం.

మా అమ్మాయిని తెల్ల పిల్లల గుంపులో వేశారు. కారణం ఉంది. నల్లజాతి పాత్రలు నల్లజాతి నటులే వేయాలని 2020లో ఈ మ్యూజికల్ రచయితలు నిబంధన పెట్టారు. అంతకుముందు ఎవరైనా వేసుకునే వీలుండేది. నిబంధన సబబే, నాకు అందులో పేచీ లేదు. కానీ మన పిల్లలు, చైనా పిల్లలు, కొరియా పిల్లలు అందరూ మిగిలిన గుంపులోకి వెళ్తారు. మా అమ్మాయికి గోధుమ రంగు విగ్గు పెట్టి, గులాబీ గౌను వేసి, సీవీడ్ వాళ్లు రాగానే మొహం తిప్పుకుని పక్కకు జరగమన్నారు. రెండో వారం కార్లో అడిగింది: “అమ్మా, నిజంగా 1962లో అయితే నేను ఏ రోజు డాన్స్ చేసేదాన్ని?”

నాకు జవాబు తెలీదు. ఇంటికొచ్చి వెతికితే అమెరికాకే తెలీదని తేలింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు మనవాళ్లు తెల్లవాళ్లు కారని, పౌరసత్వం ఇవ్వక్కర్లేదని చెప్పింది. 1946లో చట్టం మార్చి పౌరసత్వానికి దారి తెరిచారు, ఇండియా మొత్తానికి ఏడాదికి 100 వీసాల కోటా ఇచ్చారు. 1970 జనాభా లెక్కల్లో మనల్ని తెల్లవాళ్లలో కలిపేశారు. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అని వేరే గడి వచ్చింది. ఇదంతా చెప్పి, “నువ్వు 1962లో ఇక్కడ ఉండేదానివే కాదే, 100 మందిలో మీ తాతయ్య ఉండేవాడా?” అన్నాను. దేశాలవారీ కోటాలు పోయింది 1965 చట్టంతో. ఆ చట్టం, పౌరహక్కుల చట్టాలు ఒకే ఊపులో వచ్చినవి. ఈ చుట్టుపక్కల ఉన్న మన గుళ్లు, ఉగాది పార్టీలు అన్నీ ఆ తర్వాతివే. అది విని కాసేపు కిటికీలోంచి చూసి, “అయినా నేనడిగింది అది కాదు” అంది. కాదు, నిజమే.

దానికి నచ్చిన కథ ఇంకోటి. 1961 జూన్‌లో ఆఫ్రికా దేశం చాద్ రాయబారి న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు కార్లో వస్తూ మేరీల్యాండ్‌లో 40వ నంబరు రోడ్డు మీద కాఫీకి ఆగితే ఇవ్వం పొమ్మన్నారు. ఒక్క రాయబారితో పోలేదు, వరసగా జరిగాయి. రష్యాతో పోటీలో కొత్త ఆఫ్రికా దేశాలను మంచి చేసుకోవాలని తంటాలు పడుతున్న కెన్నెడీ ప్రభుత్వానికి ఇదో తలనొప్పి. అప్పుడు బాల్టిమోర్ ‘ఆఫ్రో-అమెరికన్’ పత్రిక విలేకరులు ముగ్గురు ఆఫ్రికా దొరల్లా వేషాలేసుకుని, ‘గోబాన్’ అనే లేని దేశం నుంచి వచ్చామని చెప్పి అదే రోడ్డు మీద హోటళ్లకు వెళ్లారు. కొన్ని చోట్ల మర్యాదగా కూర్చోబెట్టి వడ్డించారు! ఊళ్లో పుట్టినవాడికి దొరకని భోజనం లేని దేశపు మంత్రికి దొరికింది. ఆ 40వ నంబరు రోడ్డు మీదే ఇంకాస్త ఇవతల మా ఇండియన్ గ్రోసరీ ఉంది. వారం వారం కరివేపాకు కోసం వెళ్లే రోడ్డు.

జోకుల సంగతి. ‘మిస్ బాల్టిమోర్ క్రాబ్స్’ అంటే ఈ ఊరు పీతలకు పేరు. ఓల్డ్ బే మసాలా చల్లి ఉడికించి, బల్ల మీద పేపరు పరిచి, చెక్క సుత్తితో కొట్టుకు తింటారు. క్రాబ్స్‌కు ఇంకో అర్థం ఉంది. పాప అడిగితే మీవారి మీదకు తోసేయండి. ట్రేసీ అమ్మానాన్నల డ్యూయెట్లో క్యాస్ట్రో ప్రస్తావన క్యూబా గొడవ. 1961 ఏప్రిల్లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడి, 1962 అక్టోబరులో క్షిపణుల సంక్షోభం. చబ్బీ చెకర్ అంటే ట్విస్ట్ డాన్స్ పాటగాడు, ఆ ఒక్క పాట 1960లో ఒకసారి, 1962 జనవరిలో మళ్లీ నంబర్ వన్ అయింది. మ్యాడిసన్ వరసల్లో నిలబడి ఆడే డాన్స్, బడ్డీ డీన్ పిల్లలకు కొట్టిన పిండి. మిగతావి గూగుల్ చేసుకోవచ్చు.

జుట్టు గురించి మాత్రం నన్ను ఆపకండి. ఈ స్ప్రే డబ్బా పుట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో, పసిఫిక్ దీవుల్లో సైనికులకు మలేరియా రాకుండా దోమల మందు కొట్టుకోవడానికి. యుద్ధం అయ్యాక ఆ డబ్బాయే అందం మందై నెత్తికెక్కింది. 1960లో షికాగో దగ్గర మార్గరెట్ విన్సీ హెల్ట్ అనే హెయిర్‌డ్రెస్సర్ ఒక పత్రిక అడిగితే తేనెతుట్టెలా పైకి లేచే కొప్పు తయారు చేసింది, అదే బీహైవ్. 1961లో వైట్‌హౌస్‌కి వచ్చిన జాకీ కెన్నెడీ పొంగు జుట్టు చూసి ఇంటింటా అదే. జుట్టును చిక్కు పడేలా వెనక్కి దువ్వి, పైన ఒక పొర నున్నగా కప్పి, స్ప్రేతో బిగించడం. మా అమ్మ పెళ్లి ఫొటోలో సవరం పెట్టి, లోపల ఉండ దూర్చి కట్టిన కొప్పు దీనికేమీ తీసిపోదు. స్ప్రే ఒక్కటే తక్కువ. ట్రేసీకి బడిలో డిటెన్షన్ వేసేది కూడా జుట్టు ఎత్తు ఎక్కువైందనే.

మా తప్పు ఒకటి చెప్పాలి. మొదటి డ్రెస్ రిహార్సల్ రోజు నలుగురు తల్లులం గ్రీన్‌రూమ్‌లో 23 విగ్గులకు ఒకేసారి స్ప్రే కొట్టాం. మంచులా కమ్మేసింది. పైన పొగ అలారం ఉందని ఎవరు చూశారు? కుయ్యిమని మోగింది. మార్చి నెల, సాయంత్రం ఏడు, చలి. బీహైవులు, గౌన్లు వేసుకున్న పిల్లలంతా పార్కింగ్ లాట్‌లో వరసగా నిలబడితే ఫైరింజన్ వచ్చింది. దిగిన ఫైర్‌మ్యాన్ ఆ కొప్పులను చూసి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నవ్వుకుంటూ లోపలికెళ్లాడు.

ఎడ్నా గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను, మా దగ్గర ఇద్దరు పేరెంట్స్ దీని మీదే గొణిగారు. ట్రేసీ వాళ్లమ్మ ఎడ్నా పాత్ర మగవాళ్లే వేయడం ఆనవాయితీ. 1988 సినిమాలో డివైన్, బ్రాడ్‌వేలో హార్వీ ఫైర్‌స్టీన్, 2007 సినిమాలో జాన్ ట్రవోల్టా. మాది తెనాలి. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసొచ్చిన రాత్రి గురించి మా తాతయ్య బతికున్నంతకాలం చెప్పాడు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ సంగతి సరే సరి. మగాడు చీర కడితే మనం కొత్తగా గొణగడానికి ఏముంది? తేడా ఒకటుంది. స్థానం వారి వేషంలో మగవాడు కనపడకూడదు, అదే గొప్ప. ఎడ్నాలో కనపడుతూనే ఉండాలి. ఇస్త్రీ బట్టల మధ్య, సిగ్గుతో ఏళ్లుగా గడప దాటని లావుపాటి అమ్మను ఆ గొంతుతో చూసి నవ్వబోయి, రెండో అంకానికి ఆమెను ఇష్టపడతాం. మా స్కూల్లో ఆ పాత్ర ఫుట్‌బాల్ టీము కుర్రాడు వేశాడు, షో మొత్తానికి వాడే బాగా చేశాడు.

స్టేజీ నాటకంలో లేనిది ఒకటి 1988 సినిమాలో ఉంది, అమ్యూజ్‌మెంట్ పార్కు ముందు గొడవ. దానికి మూలం బాల్టిమోర్ పక్కనున్న గ్విన్ ఓక్ పార్కు. అందులోకి నల్లవాళ్లను రానిచ్చేవారు కాదు. 1963 జులై 4న, స్వాతంత్ర్య దినం నాడు, పాస్టర్లు, క్యాథలిక్ ఫాదర్లు, యూదు రబ్బీలు కలిసి వెళ్లి నిలబడితే 280 మందికి పైగా అరెస్టయ్యారు. ఆగస్టు 28న పార్కు అందరికీ తెరిచారు. అదే రోజు 40 మైళ్ల అవతల వాషింగ్టన్‌లో కింగ్ ప్రసంగం. బడ్డీ డీన్ షోలోకి విద్యార్థులు దూరి అప్పటికి సరిగ్గా 16 రోజులు. ఆ పార్కులో 11 నెలల నల్లజాతి పాపను వాళ్ల నాన్న రంగులరాట్నం గుర్రం మీద కూర్చోబెట్టి పట్టుకున్నాడు. అందరికీ తెరిచాక దాని మీద ఎక్కిన మొదటి నల్లజాతి బిడ్డ ఆమె. 1972లో ఆగ్నెస్ తుఫాను వరదలో పార్కు పోయింది. రాట్నం మిగిలింది. 1981లో దాన్ని తీసుకెళ్లి వాషింగ్టన్‌లో, నేషనల్ మాల్ మైదానంలో స్మిత్‌సోనియన్ మ్యూజియాల ముందు పెట్టారు.

అవును, అదే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా క్యాపిటల్, లింకన్ మెమోరియల్ చూపించి, పిల్లలు మారాం చేస్తుంటే మనందరం ఎక్కించే రంగులరాట్నం. మా ఫ్రిజ్ మీద ఆ ఫొటో ఇంకా ఉంది. మూడేళ్ల మా పెద్దది గుర్రం మీద, పక్కన చీరలో మా అత్తగారు కొంగు పట్టుకుని భయం భయంగా. అప్పుడు టికెట్ ధర ఎక్కువని సణిగినట్టు గుర్తు. ఈ సంగతి తెలిశాక మా అమ్మాయి ఆ ఫొటో బడికి తీసుకెళ్లి సీవీడ్ వేసిన కుర్రాడికి చూపించిందట. వాడు ఫోన్ తీసి తన చిన్నప్పటి ఫొటో చూపించాడట, అదే రాట్నం మీద. మీరు వాషింగ్టన్ వైపు వస్తే అది నడుస్తోందో లేదో ముందు చూసుకుని వెళ్లండి, మరమ్మతులని ఆపుతుంటారు.

మీ అమ్మాయికి ఏ పాత్ర వచ్చిందో రాయలేదు. మిమ్మల్ని కూడా విగ్గుల టీములో వేస్తే స్ప్రే కొట్టేది లోపల వద్దు, కారిడార్లోనూ వద్దు. నేరుగా పార్కింగ్ లాట్‌కే తీసుకెళ్లండి.